అడుగులు లెక్కపెట్టే పెద్దాయన

"పద్నాలుగు వందల ముప్ఫై!" అంటూ గుమ్మం ముందు ఆగాడు ఓ పెద్దాయన.

కుట్టుమిషన్ మీద వంగి ఉన్న మిషనక్క తలెత్తింది. వీధి వీధంతా ఆవిడని పిలిచేది ఆ పేరుతోనే.

"ఏంటండీ అవి?"

"అడుగులమ్మా. బస్సు దిగిన దగ్గర్నుంచి మీ గుమ్మం దాకా. దారిలో ఒక్క కొట్టు కూడా లేదు."

"ఎలా ఉంటాయి? ఇది ఇళ్ల వీధి. వ్యాపారం చేయకూడదని రూలు."

"మరి ఇవేంటి?" అన్నాడాయన, ముందుగదిలో వేలాడుతున్న స్కూలు యూనిఫాంలు చూసి నవ్వుతూ.

మిషనక్క చటుక్కున మిషన్ ఆపేసింది.

వారం క్రితమే మున్సిపల్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. ఎవరో ఫిర్యాదు చేశారట. ముప్ఫై రోజుల్లో మిషన్ ఎత్తేసి బజారుకి మార్చుకోవాలట. బజారంటే రెండు బస్సుల దూరం. నడవలేని అత్తగారిని ఇంట్లో వదిలేసి అంత దూరం వెళ్లడం అయ్యే పని కాదు.

ఆ ఫిర్యాదు చేసిన మహానుభావుడు ఎవరో ఇప్పుడు తెలిసిపోయింది అనుకుంది.

"ఫిర్యాదు పెట్టింది చాలక, తమాషా చూడ్డానికి వచ్చారా?" ఒంటికాలి మీద లేచింది.

"నేనా? అబ్బెబ్బే! చొక్కా గుండీ ఊడిందమ్మా, కుట్టిస్తారేమోనని..."

"ఇళ్ల వీధిలో గుండీలు కుట్టరు!"

తలుపు ధడాలున మూసుకుంది.

"ఎవరే?" లోపల్నుంచి అత్తగారు అడిగింది.

"పనీపాటా లేక నడిచే మనిషి అత్తయ్యా."

"నడుస్తున్నాడుగా, అదృష్టవంతుడు!"

ఆ అదృష్టవంతుడు మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. పాలకి ఎంత దూరం వెళ్తారు, పెన్సిలు కావాలంటే ఏ బస్సెక్కుతారు అని ఇంటింటికీ అడిగి, చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. వీధిలో అందరికీ అదో కాలక్షేపం. 'అడుగుల తాతయ్య' అని పేరు కూడా పెట్టేశారు.

గుండీ లేనిచోట పిన్నీసు చూసి మిషనక్కకి ఓసారి పాపం అనిపించింది. నోటీసు గుర్తొచ్చి మొహం తిప్పేసుకుంది.

ముప్ఫయ్యో రోజు కాళ్లావేళ్లా పడైనా గడువు అడుగుదామని ఆఫీసుకి వెళ్లింది.

గుమస్తా నోటీసు చూసి నవ్వాడు. "ఇది చెల్లదమ్మా. పొద్దున్నే కౌన్సిల్ సభలో కొత్త నిబంధనలు వచ్చేశాయి. ఇక ఇంటి కింద కొట్టు పెట్టుకోవచ్చు, కొట్టు మీద ఇల్లు కట్టుకోవచ్చు. కొట్ల కోసం ఊరు పొలాల్లోకి పాక్కుంటూ పోనక్కర్లేదు."

"మళ్లీ చెప్పండి!"

చెప్పాడు.

"ఇంకొక్కసారి!"

ఆవిడ ఆనందం చూసి, పక్క బల్ల దగ్గరివాళ్లు కూడా గొంతు కలిపి చెప్పారు.

"ఎవరి పుణ్యమండీ ఇది?"

"రిటైరైన పెద్దాయన ఒకరు. మూడు నెలలు వీధి వీధీ నడిచి, ఏది ఎంత దూరమో లెక్క తెచ్చారు. చొక్కాకి పిన్నీసుతో సభలో నిలబడి, 'మన ఊళ్లో గుండీ కుట్టడం నేరమండీ' అన్నారు! నవ్వలేక చచ్చాం."

మిషనక్క నవ్వబోయి ఆగిపోయింది. సిగ్గుతో తల వాలిపోయింది.

"మరి... ఫిర్యాదు చేసింది ఆయన కాదా?"

"చేశారు. మీ మీద కాదు, రూలు మీద."

"ఎక్కడున్నారండీ? గుండీ కాదు, ఏకంగా కొత్త చొక్కాయే కుట్టి పెడతాను."

"సభ అవగానే బస్సెక్కేశారమ్మా. పక్క ఊళ్లో కూడా ఇదే రూలు ఉంది. రేపట్నుంచి అక్కడ నడక."

"ఈ వయసులో ఎందుకండీ అంత తాపత్రయం? ఆయన కొట్టేమైనా మూయించారా?"

గుమస్తా పాత నిబంధనల పుస్తకం తీసి దుమ్ము దులిపాడు. చివరి పేజీలో, నలభై ఏళ్ల నాటి సంతకం మీద వేలు పెట్టాడు.

"ఇళ్ల వీధుల్లో కొట్లు ఉండకూడదని రెండు ఊళ్లకీ రాసిచ్చింది ఆయనేనమ్మా."