పదకొండుకు పదకొండు

“పదకొండుకు పదకొండు. మళ్లీ.” క్లాసు మొదట్లోనే సంతకాలతో కిందికొచ్చిన హాజరు పట్టీని ఇతిదాల్ బల్ల మీదికి తోసింది. “జూలై నెల, ఇర్బిద్ ఎండ, పొద్దున్నే ఎనిమిది గంటల క్లాసు. మూడు వారాలుగా ఒక్కళ్లూ మానలేదట. నమ్ముతున్నావా?”

పక్క సీటు సమీహా పుదీనా వేసిన నిమ్మనీళ్లు చప్పరిస్తూ, “మంచి పిల్లలేమోలే” అంది.

“మంచి పిల్లలు చలికాలంలోనే అన్నీ పాసవుతారు. వేసవి సెషన్‌కి వచ్చేవాళ్ల సంగతి నాకు చెప్పకు.”

యూనివర్సిటీ రిజిస్ట్రారు ఆఫీసులో హాజరు వ్యవహారం పంతొమ్మిదేళ్లుగా ఆమె చేతిలోనే ఉంది. అన్నకు బదులు తమ్ముడు కూర్చోవడం, నిశ్చితార్థానికి వెళ్లిన పిల్లకు బదులు పిన్ని కూతురు సంతకం పెట్టడం ఆమెకు తెలియని విద్యలు కావు. వేసవి నిబంధనల కాగితం టైపు చేసిందీ ఆమే. టీచరు లేని సెక్షను అదే రోజు మూత. ఆ నిబంధన కింద ఈ సెషన్లో అప్పుడే రెండు మూసింది. దొంగ సంతకం దొరికితే పరీక్షకు అనర్హత. ఆ నిబంధనే ఇంకా బోణీ కాలేదు.

పట్టీ తీసుకుని లేచింది. గణాంకశాస్త్రం, మూడో అంతస్తు, టీచరు దుక్తూర్ అద్నాన్. గంటల లెక్కన పాఠం చెప్పిపోయే మనిషి కనుక ఆయన పేరు పట్టీల మీద చూడడమే తప్ప మనిషిని ఎప్పుడూ చూడలేదు.

తలుపు బయట ఒక నిమిషం నిలబడి చెవి ఒగ్గింది.

“డబ్బాలో పది బోల్టులున్నాయి. మూడు అరిగిపోయినవి. చూడకుండా రెండు తీస్తే, రెండూ అరిగినవే అయ్యే అవకాశం ఎంత?”

“నా అదృష్టానికి అయితే నూటికి నూరూ” అంది ఒక గొంతు. గది గదంతా నవ్వింది.

గణాంకశాస్త్రం క్లాసులో నవ్వులు. ఇతిదాల్ అనుమానం ఇంకో మెట్టెక్కింది. తలుపు తోసింది. నవ్వు ఠక్కున తెగింది.

“క్షమించాలి దుక్తూర్, తనిఖీ. అందరూ కార్డులు బయటికి తియ్యండి.”

బోర్డు దగ్గరున్న నలభయ్యేళ్ల మనిషి సుద్దముక్క కింద పెట్టాడు. తర్వాత వెనక జేబులోంచి గుడ్డ తీసి చేతులు తుడుచుకుని, “చూసుకోండి” అని పక్కకు జరిగాడు.

ఆమె వరసనే చూసుకుంటూ వెళ్లింది. ఒక పిల్లచేత కళ్లద్దాలు తీయించింది. ఇంకో కుర్రవాడి చేత గడ్డం పైకెత్తించింది. పది కార్డులు, పది మొహాలు. అన్నీ అసలువే.

రెండో వరుసలో ఒక కుర్చీ ఖాళీ. దాని మీద గోనెగుడ్డ సంచీ, సంచీలోంచి తొంగిచూస్తున్న పానా. ముందు తెరిచిన నోటుపుస్తకం, సగం తాగిన, ఇంకా పొగలు పోతున్న టీ గ్లాసు.

“నవ్వాఫ్ జరాదాత్ ఎవరు? ఏడీ?”

ఒకడు ఫ్యాను వైపు చూశాడు. ఒకడు దగ్గాడు.

“సంచీ వచ్చింది, సంతకం వచ్చింది, టీ కూడా వచ్చింది. మనిషే రాలేదన్నమాట.” ఇతిదాల్ తలుపు వెనక చూసింది. కిటికీలోంచి కిందికి కూడా చూసింది. “చదువుకోడానికి వచ్చాడా, కారు విప్పడానికి వచ్చాడా?”

“ఇక్కడే ఉన్నాడు మేడమ్” అన్నాడు బోర్డు దగ్గరి మనిషి. “ఒక్కరోజూ మానలేదు. నా మాట నమ్మండి.”

“మాటలు నమ్మేటట్టయితే పట్టీలెందుకు దుక్తూర్?”

“అతనికి ఈ ఒక్క కోర్సే మిగిలింది. పని చేసుకుంటూ పన్నెండేళ్లకు ఇక్కడిదాకా లాక్కొచ్చాడు. ఈ వేసవి దాటితే గడువు పోతుంది. ఇక పట్టా ఉండదు.”

“నాకు తెలీదా? ఆఖరి అవకాశం అని ఆ పేరు పక్కన చుక్క పెట్టింది నేనే. ఆఖరి అవకాశం ఉన్నవాడు సగం టీ వదిలేసి పారిపోతాడా?”

కళ్లద్దాల పిల్ల గబుక్కున లేచింది. “మేడమ్, అసలు...”

“కూర్చో రహఫ్.” ఆయన గొంతు పెంచలేదు. “పాసైతే అక్టోబరులో నీకు బళ్లో ఉద్యోగం. మీ అమ్మ ఊరంతా చెప్పేసింది కూడా. నోరు కాదు, లెక్క చూడు.”

రహఫ్ కూర్చుని, తలగుడ్డ కొసతో కళ్లు ఒత్తుకుంది. ఆ పిల్లకు ఆ నవ్వాఫ్ ఏమవుతాడో తర్వాత కనుక్కోవాలనుకుంది ఇతిదాల్.

ఎర్ర పెన్ను తీసి ఆ పేరు మీద గీత కొట్టింది. పక్కన ‘దొంగ సంతకం, అనర్హుడు’ అని రాసి పట్టీ చాపింది. “టీచరుగా మీరూ ఇక్కడ సంతకం పెట్టాలి.”

ఆయన ఆ ఎర్రగీత వైపు చాలాసేపు చూశాడు. గదిలో పది మంది పెన్నులూ ఆగిపోయాయి. వాళ్లందరినీ ఒకసారి చూసి, వంగి సంతకం పెట్టాడు.

ఇతిదాల్ మనసు కాస్త మెత్తబడింది. గుమ్మం దగ్గర ఆగి, “విద్యార్థి కోసం ఇంత బాధపడే దుక్తూర్‌ని ఈ మధ్య చూళ్లేదు. వచ్చే సెషన్‌కి కూడా మీ పేరే రాయమని పైవాళ్లకు చెబుతాను” అంది.

“అల్లా మీకు మేలు చేయుగాక” అన్నాడాయన.

తలుపు మూసుకుంది. ఆమె చెప్పుల చప్పుడు మెట్ల కిందికంటా దిగిపోయింది. క్లాసులో ఎవరూ నవ్వలేదు. దుక్తూర్ అద్నాన్ రావడం మానేసిన సంగతి ఆఫీసుకు ఇంకా తెలియలేదు.

బోర్డు దగ్గరి నుంచి నవ్వాఫ్ వచ్చి, చల్లారిన తన టీ అందుకున్నాడు.