పద్నాలుగో నంబరు నోటుపుస్తకం

పొద్దున్న ఆరున్నరకి బ్రోన్విన్ కారులో కూర్చుని గొట్టంలోకి ఊదింది.

ఎర్రదీపం వెలిగింది.

కారు ఇక కదలదు. ఆమె తాగి ఏడాది దాటింది, అయినా వెలిగింది.

తాగి నడిపి పట్టుబడ్డవాళ్ళ కార్లకి పెట్టే యంత్రం అది. ఊదినప్పుడల్లా ఫొటో తీస్తుంది. ఊపిరిలో ఆల్కహాల్ తగిలితే ఆఫీసుకి చేరవేస్తుంది. ఆర్నెల్లు తప్పు పడకుండా ఊదితే తీసేస్తారు. ఒక్క తప్పు పడితే మళ్ళీ మొదటినుంచి ఆర్నెల్లు.

బ్రోన్విన్‌కి ఇంకా ఐదు వారాలే మిగిలాయి. యంత్రం ఉన్నంతకాలం టిల్లీ ఆ కారెక్కదని మాజీ భర్త కాగితం రాయించుకున్నాడు. ఎనిమిదేళ్ళ టిల్లీ, ఎండాకాలంలో వచ్చే అక్కడి క్రిస్మస్‌కి అమ్మ తనని కారులో ఈతకి తీసుకెళ్తుందని ఇప్పట్నుంచే స్విమ్మింగ్ బట్టలు సర్దిపెట్టుకుంది.

"నోరు పుక్కిలించే మందు వాడావు కదమ్మా. అందులో ఆల్కహాల్ ఉంటుంది" అన్నాడు వెనకనించి ఎవరో.

ఎదుటి కారవాన్‌లో, అంటే కారుకి తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇంట్లో, ఉండే ముసలాయన. ఒక చేతిలో టీ కప్పు, చంకలో నోటుపుస్తకం.

"నీళ్ళతో కడుక్కో. పది నిమిషాలాగి ఊదు."

ఆమె అలాగే చేసింది. పచ్చదీపం వెలిగింది. ముసలాయన గడియారం చూసి, పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు.

దారిపొడుగునా ఆమెని ఒకటే తొలిచింది. తను గడపలో నిలబడి పుక్కిలించడం ఈయన ఎందుకు చూశాడు?

బ్రోన్విన్ కూడా అద్దెకుంటున్న ఆ కారవాన్ పార్కుకి ఆయన వచ్చి నాలుగు నెలలైంది. పేరెవరికీ పట్టలేదు, కారవాన్ నిలిపిన స్థలాన్నిబట్టి పద్నాలుగో నంబరు అనేవారు. రోజూ బ్రోన్విన్ ఊదే వేళకి మెట్టుమీద కూర్చునేవాడు. గడియారం చూసేవాడు, రాసేవాడు. పలకరించేవాడు కాదు.

"నీమీద కవిత్వం రాస్తున్నాడేమో" అని బట్టలుతికే షెడ్డులో ఆడవాళ్ళు నవ్వేవారు.

బ్రోన్విన్‌కి నవ్వు రాలేదు. ఒకరి పుణ్యమా అని ఆమె బతుకు ఇప్పటికే ఇలా అయింది. కిందటేడు సెప్టెంబరులో తమ ఊరి ఫుట్‌బాల్ జట్టు ఫైనల్ గెలిచిన సాయంత్రం, క్లబ్బులో నాలుగు గ్లాసుల వైను తాగి కారు తీసింది. ఇల్లు ఎంతో దూరం లేదు. వంతెన దగ్గర పోలీసులు కాచుకుని ఉన్నారు. ఎవరో ఫోన్ చేశారని వాళ్ళే చెప్పారు. లైసెన్సు కొన్ని నెలలు రద్దయింది, జరిమానా పడింది, ఊరి పేపర్లో పేరు వచ్చింది. మొగుడు టిల్లీని తీసుకుని వాళ్ళమ్మ ఇంటికి వెళ్ళిపోయాడు. ఆనాటినుంచి సూపర్‌మార్కెట్లో ఏ మొహం చూసినా ఆమెకి ఒకటే అనుమానం. ఆ ఫోన్ చేసింది వీళ్ళేనా అని.

వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. యంత్రంలో తప్పు నమోదైంది, పద్నాలుగు రోజుల్లో సాక్ష్యంతో వివరణ ఇవ్వాలి.

పార్కు నడిపే నోలీన్ ఆఫీసులోనే బ్రోన్విన్ ఆ ఉత్తరం చించి చదివింది. ఇది ఆ ముసలాడి పనేనంది.

"యంత్రమే చెబుతుంది తల్లీ. మనిషి చెప్పక్కర్లేదు" అంది నోలీన్.

"యంత్రం సరే. మరి ఆయన రాసేది ఎవరికి?"

షెడ్డు ఆడవాళ్ళు ఈసారి నవ్వలేదు. పిల్లలు తిరిగే చోట అలాంటి మనిషి ఎందుకన్నారు.

మర్నాడు నోలీన్ ఆయన్ని ఖాళీ చేయమంది. ఆయన ఎందుకని అడగలేదు. బ్రోన్విన్‌కి ఏ ఆఫీసునుంచి ఉత్తరం వచ్చిందో మాత్రం అడిగాడు. నోట్లో మాట దాగని నోలీన్ చెప్పేసింది.

మధ్యాహ్నానికల్లా ఆయన కారవాన్ ముందు వేసిన గుడారం మడిచి, బండిని కారుకి తగిలించుకున్నాడు. బ్రోన్విన్ గుమ్మం ముందునుంచి వెళ్తూ, అలవాటుగా గడియారం చూసుకున్నాడు. ఆమె కిటికీ తెర లాగేసింది.

మందు సీసాకి ఫొటో తీసి, తనకి తోచింది రాసి పంపింది. ఆశ ఏమీ పెట్టుకోలేదు. టిల్లీకి ఎలా చెప్పాలా అని రెండుసార్లు ఫోన్ తీసి పెట్టేసింది.

పద్నాలుగో నంబరులో కారవాన్ ఉన్నచోట గడ్డి ఇంకా పాలిపోయి చదరంగా కనబడుతుండగానే నోలీన్ ఆఫీసుకి జవాబు వచ్చింది.

మీ వివరణనూ, మీ సాక్షి ప్రమాణపత్రాన్నీ పరిశీలించి ఈ తప్పును రద్దు చేస్తున్నాం అని ఉంది.

"సాక్షా? నేనెవరి చేతా రాయించలేదే" అంది బ్రోన్విన్.

వెనక నకలు ఉంది. మెర్వ్ టక్‌వెల్ అని సంతకం. దానికి నోటుపుస్తకం పేజీలు జతచేసి ఉన్నాయి. నాలుగు నెలల ప్రతి ఉదయం, ఊదిన టైము, పచ్చదీపం. ఒక్కచోటే ఎర్రదీపం, పక్కన: గడపలో పుక్కిలించింది, నేను చూశాను, పది నిమిషాలకి పచ్చదీపం.

ఆయన ఎటు వెళ్ళాడని బ్రోన్విన్ నోలీన్‌ని అడిగింది.

"ఉత్తరం వైపన్నాడు. ఫోన్ నంబరివ్వలేదు. నేనూ అడగలేదు" అంది నోలీన్.

"నాకోసం ఎందుకు రాశాడు? ఆయనెవరో కూడా నాకు తెలీదు."

"అందులో ఉండదూ? చూడు."

బ్రోన్విన్ చివరి కాగితం తిప్పింది. ఈమె మీకు ఎలా తెలుసు అని అచ్చువేసిన ప్రశ్న కింద, పెద్ద పెద్ద అక్షరాలతో ఆయన ఇలా రాశాడు: "కిందటేడు ఫైనల్ రోజు సాయంత్రం క్లబ్బు బయట, వెనక సీట్లో పాప నిద్రపోతుండగా ఈమె తూలుతూ కారెక్కడం చూసి పోలీసులకి ఫోన్ చేసింది నేనే."