గుమ్మం పక్క గడ్డి

“సంతకం తర్వాత పెడుదువుగాని, ముందు ఇది చూడరా,” అంటూ అక్క ఒక గడ్డిపరకను నా పుస్తకపు అచ్చు ప్రతి మీద పెట్టింది. పరక నిండా తుప్పు రంగు మచ్చలున్నాయి.

పరక కింద, పందొమ్మిదేళ్ల నా పరిశోధన అంతా ఒక్క వాక్యంగా ఉంది: ‘ఈ తుప్పు తెగులు శిలీంధ్రం ఒకే ఒక జాతి గడ్డి మీద తప్ప బతకలేదు.’

“ఇది ఆ గడ్డి కాదక్కా. దానికి దూరపు చుట్టం కూడా కాదు. ఎక్కడిది?”

“నీ గుమ్మం పక్కది. రోజూ తొక్కుకుంటూ పోతావుగా!”

పరకను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. అవే సిద్ధబీజాలు, వాటి మీద అవే ముళ్లు, అవే కొలతలు.

“మిగతా గడ్డి ఎప్పుడూ చూడలేదట్రా?”

“దాని మీద ఉండదని తెలిశాక ఎందుకు చూస్తానక్కా?”

అన్నాక నా మాట నాకే వినిపించింది. అక్క నవ్వాపుకోవడానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఒకే గడ్డిని పట్టుకుని వేలాడింది శిలీంధ్రం కాదు. పుస్తకం మొత్తానికీ నాకు బాగా నచ్చిన ఆ వాక్యాన్ని స్కేలు పెట్టి మరీ కొట్టేశాను.

“అక్కా, మీ పెరట్లో గడ్డి ఉందా?”

“ఉంది. ఈ గది వదిలి మా ఇంటికి రారా అని పదేళ్లుగా పిలుస్తూనే ఉన్నాను.”