మూత తీస్తే

"మూత తీస్తే ఏమవుతుందో మళ్లీ ఒకసారి చెప్పు," అన్నారు మాస్టారు.

మెకానిక్ మళ్లీ చెప్పాడు. ఇది మూడోసారి. సీపీయూ మూత కింద గోరంత స్విచ్ ఒకటి బిగిస్తాడు. మూత ఉన్నంతసేపూ అది నొక్కుకుని ఉంటుంది. ఎవరైనా మూత తీశారో, స్విచ్ పైకి లేస్తుంది, అలారం ఇల్లెగిరిపోయేలా మోగుతుంది, డిస్కుకి వేసిన తాళం తాలూకు చెవి దానంతటదే చెరిగిపోతుంది. కరెంటు పోయినా సరే, చిన్న బ్యాటరీ ఆ పని చూసుకుంటుంది.

"చెవి చెరిగిపోయాక?"

"డిస్కు నిండా పిచ్చి గీతలే మాస్టారూ. అంతకుముందు అందులో ఏముండేదో చెప్పడం ఎవరి తరమూ కాదు."

"ఎవరి తరమూ కాదు కదా?"

"తయారుచేసినవాళ్ల తరం కూడా కాదు."

మాస్టారు తృప్తిగా తలూపి కుర్చీలో వెనక్కి వాలారు. మెకానిక్ కీబోర్డు మీద కప్పిన గుడ్డ తీసి పక్కన పెట్టాడు. కొన్ననాటిలాగే ఉంది, ఒక్క అక్షరమూ అరగలేదు. వస్తువుని ఇంత అపురూపంగా చూసుకునే మనిషికా తను ఇంత అన్యాయం చేసింది? తలెత్తి ఆయన మొహం చూడలేకపోయాడు.

నెల కిందట ఇదే గదిలో, ఈ డిస్కుకి పాస్‌వర్డ్ తాళం వేసింది అతనే. మాస్టారు రిటైరైన చరిత్ర మాస్టారు. మనుషులు వేసుకున్న దారుల గురించి, కాలిబాట దగ్గర్నుంచి హైవే దాకా, ఇరవై రెండేళ్లుగా మహా గ్రంథం రాస్తున్నారు. సర్వం ఈ డబ్బాలోనే. తాళం వేసేముందు కాపీ తీసిపెట్టుకోవాలి. ఈ వృత్తిలో ఓనమాలు అవే.

"కాపీ అన్న మాట నా ఇంట్లో వినపడకూడదు," అన్నారు ఆ రోజు మాస్టారు. "దొంగతనాలన్నీ అక్కడే మొదలవుతాయి."

పెద్దాయనతో వాదన ఎందుకులే అని ఊరుకున్నాడు. ఫైళ్లు ముందుగా తెరిచి చూడనూ లేదు. ఒకరి రాతల్లో తల దూర్చడం అతని అలవాటు కాదు. తాళం వేసేశాక, సరిగ్గా పడిందో లేదోనని 'గ్రంథం' అని పేరున్న ఫోల్డర్ తెరిచాడు.

ఖాళీ.

మాస్టారు పక్క గదిలో మధ్యాహ్నం కునుకు తీస్తున్నారు. మెకానిక్‌కి ముచ్చెమటలు పట్టాయి. ఎక్కడో నొక్కకూడనిది నొక్కాడు. పోయిన ఫైళ్లు వెతికే ప్రోగ్రాం పెట్టి డిస్కంతా జల్లెడ పట్టాడు. తొమ్మిదేళ్ల కిందట చెరిపేసిన కరెంటు బిల్లు దొరికింది. ఏనాటివో పేకాట స్కోర్లు దొరికాయి. గ్రంథంలో ఒక్క వాక్యం దొరకలేదు. ఇంత శుభ్రంగా తుడిచిపెట్టడం తనకి చేతనవునని అతనికి అప్పటిదాకా తెలియదు. మాస్టారు లేచాక, అంతా బాగానే ఉందని చెప్పి, ఒక చెప్పు తొడుక్కుంటూనే గేటు దాటాడు.

ఆ రోజు నుంచీ ఫోను మోగితే చాలు, గుండె జారిపోయేది. చివరికి మాస్టారు చేయనే చేశారు. తిట్టడానికి కాదు, ఈ స్విచ్ పెట్టమని. నెల రోజుల్లో ఒక్కసారైనా ఫోల్డర్ తెరిచి చూసుకోలేదు పాపం, అంత నమ్మకం.

మాస్టారి భార్య టీ తెచ్చింది. పిల్లిలా వచ్చి, కప్పు చప్పుడు కాకుండా పెట్టింది.

"జాగ్రత్తగా బిగించు నాయనా," అంది గుసగుసగా. "ఆయన రాత చెడకూడదని ఇన్నేళ్లూ ఇంట్లో రేడియో పెట్టనివ్వలేదు. పిల్లల్ని ఎండైనా వానైనా బయటే ఆడుకోమనేదాన్ని. నేనే ఇంకా ఒక్క పేజీ చదవలేదనుకో. అచ్చయ్యాకే చూపిస్తారట."

మెకానిక్ టీ కప్పు పక్కకి జరిపాడు.

"ఆయన తదనంతరం కూడా దీన్ని ఎవరూ ముట్టుకోరులే. తెరిస్తే పోతుందని పిల్లలకి ఇప్పుడే చెప్పి ఉంచాను," అని, ఆరేసిన బట్టలు తీయడానికి మేడ మీదికి వెళ్లింది.

మూతకి నాలుగు స్క్రూలు. మూడు తిప్పేశాడు. నాలుగోది కూడా పడితే తన తప్పు శాశ్వతంగా ఆ మూత కిందే ఉండిపోతుంది. ఎప్పుడైనా ఎవరైనా తెరిచినా, స్విచ్చే చెరిపేసిందనుకుంటారు. తన పాపాన్ని ఆ తెరిచినవాళ్లు జీవితాంతం మోస్తారు. ఆవిడే తెరిస్తే? ఇరవై రెండేళ్లు సొంత ఇంట్లో గుసగుసలతో బతికిన మనిషి.

స్క్రూ జారి కింద పడింది. అతను మాస్టారి కాళ్ల దగ్గర కూలబడిపోయాడు.

"నన్ను ఏం చేసినా చెయ్యండి మాస్టారూ. మీ గ్రంథం లేదు. డిస్కు ఖాళీ. పోయిన నెల నా చేతులతో నేనే తుడిచేశాను. చెప్పకుండా పారిపోయాను. అప్పట్నుంచీ తిండి సహించట్లేదు, నిద్ర పట్టట్లేదు. మీ ఇద్దరి ఉసురూ నాకు తగులుతుంది."

మాస్టారి మొహం పాలిపోయింది. తర్వాత మెల్లగా లేచి, మెట్ల వైపు ఒకసారి తొంగిచూసి, తలుపు గడియపెట్టి వచ్చారు. వంగి, కింద పడ్డ స్క్రూ వెతికి తీసి, అతని అరచేతిలో పెట్టారు.

"మా ఆవిడ కిందికి దిగేలోగా బిగించెయ్ బాబూ... నువ్వు తుడిచేయడానికి, అందులో నేను ఇన్నేళ్లలో ఒక్క ముక్కైనా రాస్తే కదా!"