డైనోసార్ స్నానం

“డైనోసార్ అంటే మనకి మిగిలింది ఎముకలేనమ్మా. ఎముకల్ని చూసి అది స్నానం ఎలా చేసేదో నువ్వెలా చెప్పేవు?”

సోమేశ్వరరావు మాస్టారు అన్నంలో పులుసు కలుపుకుంటూ అడిగారు.

అమలాపురం సైన్స్ ఎగ్జిబిషన్‌కి ఆయనే జడ్జి. తొమ్మిదో తరగతి నిఖిత పెట్టిన ఛార్టు ఆయనకి నచ్చింది గానీ నమ్మకం కుదరలేదు. రుజువు చూపిస్తే హైదరాబాద్ పోటీకి పంపిస్తానన్నారు. అది చూడ్డానికే రెండో శనివారం పని గట్టుకుని రాజోలు వచ్చారు. వస్తున్నట్టు పొద్దున్న పక్కింటి ఫోన్‌కి కబురొచ్చేసరికి నిఖిత ట్యూషన్‌కి వెళ్ళిపోయింది. వాళ్ళమ్మ హన్నా ఒక్కత్తే హడావుడి పడింది. నిఖిత తిరిగొచ్చేసరికి మాస్టారు అరిటాకు ముందు కూర్చుని ఉన్నారు.

“ఎముకల్ని చూసి కాదండి. బతికున్నదాన్ని చూసి రాసేను.”

“బతికున్న డైనోసారా?”

“ఆయ్. ఆ వంశంలోదేనండి. మా ఇంట్లోనే ఉంది.”

మాస్టారికి పొలమారింది. హన్నా మంచినీళ్ళ గ్లాసు అందించింది.

“మాస్టారితో ఎకసెక్కాలేంటే? మీరేం అనుకోకండి మాస్టారూ. ఇంకాస్త పులుసు పొయ్యనివ్వండి.”

“అయ్యో, చాలండి.”

“చాలంటే ఎలాగండీ? మా పిల్ల కోసం ఇంత దూరం వచ్చేరు!”

గరిటె అప్పటికే ఆకు మీదకి వంగింది.

పులుసు చిందనంత దూరంలో నిఖిత ఛార్టు పరిచింది.

“స్నానానికి నీళ్ళక్కర్లేదండి. దుమ్ములో పొర్లి దులుపుకోవడమే. సబ్బు ఖర్చు లేదు. నీళ్ళు తాగితే గుక్కగుక్కకీ తలెత్తి ఆకాశంకేసి చూడ్డం. చిన్నచిన్న రాళ్ళు మింగి, తిండిని కడుపులోనే రుబ్బేసుకోవడం. డైనోసార్లు కూడా ఇలాగే చేసుంటాయని నా లెక్కండి.”

మాస్టారు నమలడం ఆపారు.

“ఇవన్నీ కళ్ళారా చూసేవా?”

“రోజూ చూస్తానండి.”

ఆయన మొహంలో నవ్వు పోయి ఆసక్తి వచ్చింది.

“సరే, తీసుకురా. చూపిస్తే నువ్వు హైదరాబాద్ వెళ్ళినట్టే.”

నిఖిత ఒక్క గెంతులో పెరట్లోకి పరిగెత్తింది. కాసేపు పిలుపులు వినిపించాయి. తర్వాత అవీ ఆగిపోయాయి. వెళ్ళినంత వేగంగా తిరిగి రాలేదు.

“ఏదమ్మా నీ డైనోసార్?” వేళ్ళు నాకుతూ అడిగారు మాస్టారు.

“మీరన్నదే రైటండి, మిగిలింది ఎముకలే,” అంది నిఖిత, ఆయన ఆకు అంచున పోగుపడ్డ తన కోడిపెట్టకేసి చూస్తూ.