రెక్క మీద పసుపు

"ఎవరది? ఆగు, ఆడనే ఆగు!"

యశోద కేకకు ముసలాయన దడి బయటే ఆగిపోయాడు.

చంకలో మూత పెట్టిన వెదురుబుట్ట. మోకాళ్లదాకా బురద. గొంగడి కింద ఒళ్లు వానకు వణుకుతోంది.

"నల్లమద్ది కాడికి పోవాలె బిడ్డా. జరసేపే."

"పోవుడేంది? పట్టుచిలుకల్ని కట్టిన చెట్టది. గుడ్లు పెట్టేదాక పరాయి మనిషి రావొద్దు."

అది మామ పగిడయ్య పెట్టిపోయిన కట్టుబాటు. యశోద ఏ ఏడూ తప్పలేదు.

తొలివానకు అడవిపట్టు గూళ్లయిన దసలికాయలు చీల్చుకుని ఆరు పట్టు సీతాకోకచిలుకలు బయటికొచ్చాయి. ఆరూ ఆడవే. వాటికి నోరుండదు, తిండి ఉండదు. బతుకే నాలుగు రోజులు. ఆ లోపు మగచిలుక కలవకపోతే పెట్టిన గుడ్లన్నీ తాలే. ఈ ఏడు పట్టు లేదు, పై ఏటికి విత్తనమూ లేదు.

అందుకే ఆడచిలుకల రెక్క మొదట్లో దారం కట్టి చెట్టుకు వదులుతారు. వాసన పట్టుకుని అడవిలోంచి మగవి రావాలి.

నిన్న ఒక్కటీ రాలేదు.

"రెండువేల సంవత్సరంల గుట్ట మీది మద్దిచెట్లన్నీ కొట్టిరి గద," అన్నాడు ముసలాయన. "ఇగ మగయి యాడికెల్లి వస్తయి బిడ్డా?"

"గుట్టమ్మ తల్లి పంపుతది. ఆరేండ్ల సంది పంపుతలేదా? రెక్కకు పసుపు బొట్టు పెట్టి మరీ పంపుతది. నీకేం ఎరుక!"

ముసలాయన బుట్ట మూత సరిచేసుకున్నాడు.

పక్కింటి ముత్తక్క తొంగి చూసింది. "ముందు ఆ బుట్టల ఏమున్నదో అడుగు యశోదా. పోయినేడు మనూరి మంగ్లి ఇంట్ల దసలికాయలెత్తుకపోయి భద్రాచలం సంతల అమ్ముకున్నోడు గిట్లనే ఉండె."

"ఏందది? మూత తియ్."

"ఎలుతురుకు తియ్యొద్దు బిడ్డా." బుట్టను ఇంకా దగ్గరికి హత్తుకున్నాడు.

"చూసినవా!" అంది ముత్తక్క.

"పొద్దుగూకితే కండ్లు కానొస్తలేవు. ఈ ఒక్కపారి ఎలుతురుండంగనే పోనియ్."

"పోతవా, కుక్కను ఇడవాల్నా?"

ముసలాయన వెనుదిరిగాడు. మలుపు దగ్గర ఆగి, చెట్టుకేసి ఒకసారి చూసి, వానలో కలిసిపోయాడు.

తెల్లారగానే యశోద చెట్టు కిందికి పరుగెత్తింది. మగచిలుక జాడ లేదు. ఒక ఆడచిలుక అప్పుడే తాలు గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది.

"ఆ ముసలోని నీడే తగిలింది," అని తిట్టుకుంది.

అంతలో వాగు వైపు నుంచి ముత్తక్క అరుపు వినిపించింది.

ముసలాయన బండల మధ్య బోర్లా పడి ఉన్నాడు. ఒళ్లు ఎప్పుడో చల్లబడింది. తల ఊరి వైపే ఉంది. వెళ్లిపోతూ పడలేదు, తిరిగి వస్తూ పడ్డాడు.

"దొంగతనానికే మర్లొచ్చిండు," అంది ముత్తక్క. ఈసారి గొంతు లేవలేదు.

"పేరన్న అడగకపోతిమి," అంది యశోద.

మనిషి ముద్దగా తడిసినా బుట్ట తడవలేదు. తాను కప్పుకోవాల్సిన గొంగడిని దానికి చుట్టాడు.

యశోద గొంగడి విప్పి, మూత తీసింది.

లోపల ఆరు మగచిలుకలు రెక్కలాడిస్తున్నాయి. ఒక్కోదాని ఎర్రటి రెక్క మీద, ఏటా తను కళ్లకద్దుకునే పసుపు బొట్టు.