కొండ అంచున జింక

అడవికి రేచుకుక్క కాపలా. ఎవరు కేక వేసినా అదే పరుగెత్తేది.

ఒకనాడు కోతి అరిచింది. "మామా, రా! బిడ్డను పోగొట్టుకున్న జింక కొండ అంచున నిలబడింది."

కుక్క రివ్వున వెళ్లింది. దాని కోరలు చూసి బెదిరిన జింక మరో అడుగు అంచువైపు వేసింది. కుక్క చప్పున ఆగి, మెల్లగా వెనక్కి తగ్గి, ముసలి ఏనుగును తీసుకురమ్మని కోతిని పంపింది.

ఏనుగు వచ్చి తొండంతో జింక వీపు నిమిరింది. "నేనూ ఒక పిల్లను పోగొట్టుకున్నదాన్నే తల్లీ" అంది. జింక బావురుమని ఏడ్చి, దాని వెంట కిందికి దిగింది.

"పులికే జడవనివాడివి, జింక ముందు వెనకడుగు వేశావేం మామా?" అని కోతి నవ్వింది.

కుక్క తలెత్తి చెప్పింది. "పులి వస్తే నన్ను పిలువు. గుండె పగిలినవాళ్లు కనబడితే నేరుగా ఏనుగమ్మ దగ్గరికే పరుగెత్తు. ఇవాళ నా కాపలాలో ఒక ప్రాణం నిలిచిందిరా!"